మన పికప్ బండిని మార్పించాలా?



మదనపల్లె నుండి పుంగనూరు మీదుగా కుప్పం దాకా పల్లెల్లో వైద్య శిబిరాలకు తిరిగే మన పికప్ బండి మీ అందరికీ తెలిసినదే. వానలు పడితే అది మట్టిదారుల్లో దిగబడడం, ఊరివాళ్లు తాళ్లు కట్టి లాగడం కూడా మీలో చాలామంది చూశారు. అందుకే కొన్ని కుటుంబాలవారు "చందా పోగు చేస్తాము, బండిని ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్పించండి" అని ప్రేమతో అడిగారు. వారి మంచి మనసుకు కృతజ్ఞులము. అయినా ఈ పని వద్దని మా అభిప్రాయం. కారణాలు చెబుతాము.

మన బండిలో ఇంజను బలం వెనుక చక్రాలకే అందుతుంది. బరువు మాత్రం ఇంజను ఉన్న ముందువైపే ఎక్కువ. వెనుక ఖాళీగా ఉంటే చక్రాలకు పట్టు దొరక్క ఉన్నచోటే తిరుగుతాయి. ముందు చక్రాలకు కూడా బలం అందితే పట్టు పెరుగుతుందన్నది నిజమే.

కాని దీనికి ఏదో ఒక సామాను బిగిస్తే చాలదు. గేరుబాక్సు వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు, ముందుకు ఇంకొక ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్ ఉన్న ముందు యాక్సిల్ కావాలి. రెండు యాక్సిళ్ల గేరు నిష్పత్తి ఒకటే ఉండాలి. లేకపోతే ఒకదానితో ఒకటి పెనుగులాడి పాడవుతాయి. ముందు సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకు పైపుల దాకా మార్పులు చేయవలసి రావచ్చు. పాత జీపుల సామానుతో ఈ పని చేయగల మెకానిక్కుల నేర్పును మేము తక్కువ చేయము. అయితే నర్సులు, రోగులు కూర్చునే బండికి సరైన పరీక్షలు జరగని స్టీరింగ్, బ్రేకులు ఉండకూడదు.

చట్టం కూడా ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే తీర్పు ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వారితోనూ చిక్కే.

ఇంకొక మాట. ఫోర్ వీల్ డ్రైవ్ బండి బురదలో బాగా కదులుతుంది గాని, బ్రేకు వేస్తే త్వరగా ఆగదు. రెండడుగుల లోతున ఉరవడిగా పారే నీరు పికప్‌ను సైతం కొట్టుకుపోగలదు. 2021 నవంబరు వానలకు చిత్తూరు జిల్లాలో వంకలు పొంగి దారులు తెగిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అటువంటి రోజున ఏ బండి అయినా చప్టా దగ్గర ఆగవలసిందే.

కాన్పు సమయంలో తల్లుల మరణాలకు మూడు ఆలస్యాలు దారి తీస్తాయని 1994లో థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు వివరించారు. ఆసుపత్రికి పోదామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. బండి రెండవదానికే, అదీ కొంతవరకే, ఉపయోగపడుతుంది. మూడవది మా బాధ్యత. మొదటిది మీ ఇంట్లో ఉంది.

కాబట్టి మా మనవి ఇది. చందా సొమ్ముతో బురదలో పట్టు నిలిచే లోతైన గాళ్ల టైర్లు, గట్టి తాడు, పార, చెక్కపలకలు కొందాము. ఖాళీగా వెళ్లేటప్పుడు వెనుక ఇసుక మూటలు కదలకుండా కట్టుకుందాము. మిగిలినది కొత్త బండికి దాచుదాము. కంపెనీలోనే ఫోర్ వీల్ డ్రైవ్‌తో తయారైన పికప్‌లు ఉన్నాయి. ఇసుజు వారు 2016 నుండి మన శ్రీసిటీలోనే పికప్‌లు తయారు చేస్తున్నారు.

మీ ఇంట్లో గర్భిణి ఉంటే, నెలలు నిండేది వానాకాలంలో అయితే, వారం రోజుల ముందే ఆమెను టౌనులో బంధువుల ఇంటికి చేర్చండి. రక్తస్రావం, చూపు మసకబారి తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. 2005 నుండి మనకు 108 అంబులెన్సు ఉంది. వెంటనే ఫోను చేయండి. అది మీ పల్లె దాకా రాలేకపోతే ఆమెను జాగ్రత్తగా తారురోడ్డు వరకు తీసుకురండి.

ఇంట్లో అత్తగారు, భర్త ఈ రోజే కూర్చొని ఈ ఏర్పాటు మాట్లాడుకుంటే, ఆ రాత్రి మన బండి దిగబడినా తల్లీబిడ్డా క్షేమంగా ఉంటారు.