కొనుగోలు సదస్సులు: కొనువారి ధర్మము

కొనుగోలు, సరఫరా వ్యవహారములలో ఉత్తమ పద్ధతులను గూర్చి చర్చించుటకై హైదరాబాదు, విశాఖపట్టణము మొదలగు నగరములలో వృత్తినిపుణుల సదస్సులు తఱచుగా జరుగుచున్నవి. పెద్ద పరిశ్రమల కొనుగోలు అధికారులు, ప్రభుత్వ సంస్థల ఇంజనీర్లు, లెక్కల నిపుణులు, కంప్యూటరు విద్య నెఱిగినవారు ఒకచోట గూడి, టెండరు పిలుచుట మొదలు సరకు గిడ్డంగి చేరువఱకు గల అంచెల నన్నిటిని విమర్శించుచున్నారు. 1956లో హైదరాబాదున స్థాపింపబడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి వంటి సంస్థలు ఈ విషయమున శిక్షణ మొసగుచున్నవి. ఇది సంతోషింపదగిన సంగతియే. ప్రజల పన్నులతో కొనబడు ప్రతి వస్తువును ఎంత తెలివితో గొనిన దేశమున కంత లాభము. కాని ఈ వేదికలపై మాటలాడువారును, ఎదుట గూర్చుండి వినువారును మిక్కిలిగా కొనుగోలుదారులే. అమ్మువాని గొంతు వినవచ్చుట అరుదు. అందుచేతనే ఉత్తమ పద్ధతులలో మొదటిది కావలసినది, అనగా సొమ్ము సకాలమున చెల్లించుట, చర్చలలో కడపటి మాటగా మిగిలిపోవుచున్నది. ఈ లోపమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

కొనుగోలు శాస్త్రము మనకు క్రొత్తది గాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షుని విధులను విపులముగా వివరించి, రాజద్రవ్యము నపహరించు మార్గములను నలుబదింటిని లెక్కించి చూపినాడు. అధికారి చేతివాటమునుండి ధనాగారమును కాపాడుట యెట్లన్నది ఆనాటినుండి నేటివఱకు ఈ శాస్త్రమున ప్రధాన ప్రశ్నగా నిలిచినది. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని గొలుసునకు రెండు కొసలు కలవు. ఒక కొసకు కావలి నుంచి రెండవ కొసను గాలికి వదలినచో ఆ గొలుసు బరువు మోయజాలదు.

పరప్రభుత్వ కాలమున ఆ రెండవ కొస మన చేతిలో లేకుండెను. భారతదేశపు రైలుమార్గములకును, సర్కారు కార్యాలయములకును వలసిన సామగ్రిలో పెక్కు భాగము లండనులోని ఇండియా ఆఫీసు ద్వారా కొనబడుచుండెను. మన పన్నులతో గొను సరకునకు మన కార్ఖానాదారుడు ధర చెప్పుకొనుటకైనను అవకాశ మరుదుగా నుండెను. 1916లో నియమింపబడి 1918లో నివేదిక సమర్పించిన పారిశ్రామిక విచారణ సంఘము ఈ దేశముననే కొనుగోలు జరుగుటకు తగిన శాఖ యుండవలెనని సూచించెను. 1922లో ఇండియన్ స్టోర్సు డిపార్టుమెంటు ఏర్పడినది. స్వదేశీయులు కోరినది ఖద్దరు మాత్రమే కాదు. దేశపు సొమ్ము దేశీయుల చేతిపనికి చేరవలెనని వారు కోరిరి. కొనువాడు తనవాడైన నాడు అమ్మువానికి న్యాయము జరుగునని వారి విశ్వాసము.

ఇప్పుడు కొనువాడు తనవాడే. స్వాతంత్ర్యానంతరము కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లను నడపిన సరఫరాల డైరెక్టరేటు 2017 అక్టోబరు 31తో మూతపడినది. 2016 ఆగస్టులో ప్రారంభమైన ప్రభుత్వ ఇ-మార్కెట్టు దాని పనిని గైకొన్నది. అంతకు మునుపే, 2003లో, అవిభక్త ఆంధ్రప్రదేశము ఎలక్ట్రానిక్ టెండరు విధానమును ప్రవేశపెట్టి ఇతర రాష్ట్రములకు దారి చూపినది. టెండరు పెట్టె యొద్ద మనుష్యులను నిలిపి పోటీదారుల నడ్డగించు దుర్నయమునకు ఆ విధానము చాలవఱకు చోటు లేకుండ జేసినది. కేంద్ర ప్రభుత్వ శాఖలును, సంస్థలును తమ కొనుగోళ్లలో నూటికి 20 వంతులు సూక్ష్మ, చిన్న పరిశ్రమలనుండి కొనవలెనని 2012లో విధింపబడిన నియమము 2018లో 25 వంతులకు పెంచబడినది. ఆ భాగమునుండియే 4 వంతులు షెడ్యూల్డు కులముల, తెగల పారిశ్రామికులకును, 3 వంతులు స్త్రీల పరిశ్రమలకును కేటాయింపబడినవి. అమ్ముకొను హక్కు ఈ విధముగా సిద్ధించినది. అమ్మిన సరకు వెలను రాబట్టుకొను హక్కు మాత్రము ఇంకను కాగితముమీదనే కొట్టుమిట్టాడుచున్నది.

చట్టము లేదనుటకు వీలులేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టము ప్రకారము, సూక్ష్మ, చిన్న పరిశ్రమలనుండి సరకు గొన్నవారు, ఒడంబడికలో ఏమి వ్రాసికొన్నను, సరకు నంగీకరించిన నాటినుండి 45 దినములకు మించక వెల చెల్లింపవలెను. గడువు దాటినచో రిజర్వుబ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడింతల చొప్పున నెలనెలకు చక్రవడ్డీ నీయవలెను. సరకు ముట్టిన 15 దినములలో లోపమును వ్రాతమూలమున దెలుపనిచో, దాని నంగీకరించినట్లే యెంచవలెను. 2023లో ఆదాయపు పన్ను చట్టమునకు జరిగిన సవరణవలన, గడువులోపల చెల్లింపని ఇట్టి బాకీని ఆ యేటి ఖర్చుగా చూపుకొను సౌకర్యమును కూడ కొనుగోలుదారులు కోల్పోయిరి.

ఇంత పదునైన కత్తి ఒరలోనే యుండుటకు కారణములు దుర్గ్రాహ్యములు కావు. మొదటిది భయము. నేడు ఫిర్యాదు చేసినవానికి రేపు ఆర్డరు వచ్చునా? ఒకే పెద్ద సంస్థను నమ్ముకొని బ్రదుకు చిన్న కార్ఖానాదారుడు చక్రవడ్డీ మాట యెత్తుట తన పొయ్యిలో తానే నీళ్లు పోసికొనుట యని తలచును. రెండవది, ఆదాయపు పన్నే కట్టని ప్రభుత్వ శాఖకు పన్ను చట్టపు సవరణ దెబ్బ తగులదు. మూడవది మిక్కిలి సూక్ష్మమైనది. గడువు అంగీకార దినమునుండి లెక్కకు వచ్చును గాన, ఆ దినమునే వెనుకకు నెట్టుట. సరకు కొఠారునకు చేరును. తనిఖీదారు సెలవులో నుండును. రసీదుపై సంతకము పడదు. బిల్లును మరల పంపుడని గుమాస్తా చెప్పును. కాగితములమీద గడువు దాటలేదు. కార్ఖానాలో మాత్రము కూలి దినము దాటిపోయినది.

దీని ఫలితమును ఒక చిన్న లెక్కతో చూపవచ్చును. ఒకడు 10 లక్షల రూపాయల సరకు నమ్మి, నూటికి 8 వంతులు, అనగా 80,000 రూపాయలు, లాభము వచ్చునని తలచినాడనుకొందము. ఆ మొత్తమునకు అతడు ఏడాదికి నూటికి 12 వంతుల వడ్డీపై అప్పుదెచ్చెను. బిల్లు ఆఱు నెలలు ఆలస్యమైనచో వడ్డీయే 60,000 రూపాయలగును. అతనికి మిగులునది 20,000. ఎనిమిది నెలలు దాటిన యెడల ఆ లాభమంతయు హరించును. ఈ నష్ట మతనితో నిలువదు. తెలివిగలవాడు మఱుసటి టెండరులో వడ్డీని ధరలో గలిపి చూపును; ఓర్పు నశించినవాడు టెండరునకే రాడు; మిగిలినవాడు తక్కువ ధర చెప్పి, నాసి సరకుతో లోటు పూడ్చుకొనును. కనిష్ఠ ధరకే గొనుచున్నామని సంతసించు కార్యాలయము, తన యాలస్యముచేత ఎక్కువ ధరకు తక్కువ సరకును గొనుచున్నది. కనిష్ఠ ధర యొక్కటియే కొలబద్ద కారాదని, తగిన సందర్భములలో గుణమునకును మార్కులు వేయవచ్చునని కేంద్ర ఆర్థికశాఖ 2021లో ఉత్తరువు లిచ్చినది. మంచిదే. కాని గుణమునకు మొదటి శత్రువు చెల్లని బిల్లు.

తెలుగునాట అత్యధిక సంఖ్యాకుల బ్రదుకులను తాకు కొనుగోలు ధాన్యపు కొనుగోలు. రైతు ధాన్యమును కేంద్రమునకు తెచ్చును. తేమ నూటికి 17 వంతులు మించరాదు. తేమ సరిపోయినను గోనెసంచులు రావు. సంచులు వచ్చిన లారీ రాదు. లారీ వచ్చిన మిల్లు ముంగిట వరుస కదలదు. ఈ నడుమ వాన కురిసెనా, రాశి తడిసి తేమ మరల పెరుగును. మిల్లులో తరుగు పేరిట కోత పడును. ఇన్ని గండములు గడచినను సొమ్ము ఖాతాలో పడుటకు వారములు పట్టిన సీజనులు కలవు. సరఫరా శృంఖలకు ఇంతకన్న సజీవమైన పాఠము ఏ గ్రంథమునను దొరకదు. సంచి, లారీ, మిల్లు, ఖాతా, ఈ నాలుగింటిలో ఏ యొకటి తప్పినను ఆఱుగాలము శ్రమ కల్లములోనే మొలకెత్తును. ఇట్టి రైతు ఏ సదస్సున మాటలాడినాడు?

సరకు ఉండుట వేఱు, సరకు అందుట వేఱు. 2021 వేసవిలో కోవిడు ప్రబలిన నాడు ఈ భేదము ప్రాణముల మీదికి వచ్చినది. ప్రాణవాయువు తూర్పు ప్రాంతపు ఉక్కు కర్మాగారములలో తయారగుచుండెను. ప్రాణములు పడమటను, ఉత్తరమునను కొట్టాడుచుండెను. నడుమ ట్యాంకరులు చాలవు. విశాఖ ఉక్కు కర్మాగారమున నింపిన ట్యాంకరులు రైలుపై నెక్కి ఏప్రిలు మాసమున మహారాష్ట్రమునకు తరలినవి. అది మనకు గర్వకారణము. అయినను మే 10వ తేదీన మన తిరుపతిలోనే ఒక ప్రభుత్వాసుపత్రిలో ప్రాణవాయు సరఫరాకు ఆటంకము గలిగి, అధికారుల లెక్క ప్రకారము 11 మంది మృతినొందిరి. ట్యాంకరు వచ్చుటలో కలిగిన జాగు నిమిషములలో లెక్కింపదగినదని చెప్పబడినది. కొనుగోలు శాస్త్రము ఎవరికొఱకో సందేహించువారు ఈ దినమును స్మరింతురు గాక.

మంచి మార్గము లేకపోలేదు. 1994లో ఏర్పడిన తమిళనాడు వైద్య సేవల సంస్థ ప్రభుత్వాసుపత్రులకు వలయు మందులనెల్ల ఒక్కచోట టెండరు పిలిచి, జిల్లాలందలి గిడ్డంగులకు జేర్చి, తయారీదారు పేరు తెలియనీయక ప్రయోగశాలలలో పరీక్షింపించి పంచుచున్నది. ప్రతి ఆసుపత్రికి ఒక పాసుబుక్కు కలదు. తనకు కేటాయించిన మొత్తములో వైద్యులు తమకు కావలసిన మందునే తెచ్చుకొందురు. పరీక్షలో నెగ్గిన సరకునకు సొమ్ము సకాలమున ముట్టుటయు ఆ విధానపు బలములలో నొకటిగా పరిశీలకులు పేర్కొనిరి. కేరళ, రాజస్థాన రాష్ట్రములు దాని ననుసరించినవి. పరీక్షలో కఠినముగా నుండుడు, చెల్లింపులో నిక్కచ్చిగా నుండుడు. మందులషాపు నడుపువానికైనను తెలిసిన ఈ ధర్మమే అక్కడ పనిచేసినది.

దీనికి కొనుగోలు అధికారులు చెప్పు సమాధానము మాకు తెలియును. నిధులు పైనుండి విడుదల కాలేదందురు. ఖజానాలో బిల్లు నిలిచినదందురు. అమ్మువారిలోను మోసగాండ్రు కలరందురు. మోసగానిని శిక్షింపవలసినదే, అతని పేర న్యాయవంతుని బిల్లును బిగపట్టుట ధర్మము గాదు. నిధుల మాటకు వత్తము. చేత సొమ్ము లేనివాడు అంగడికి పోయి వీసెడు బెల్లము గొనడు. చెల్లింపు ఏర్పాటు లేనిదే ఆర్డరు వ్రాయుట, పేదవాని మూలధనమును అడుగక అప్పుగొనుటయే. అప్పు గొనదలచిన ప్రభుత్వమునకు బ్యాంకులు కలవు, బాండ్లు కలవు. చిన్న కార్ఖానాదారుని ఇల్లాలి మెడలోని బంగారము తాకట్టు పెట్టింపవలసిన పని లేదు.

కావున సదస్సులు జరుపు పెద్దలకు మేము మూడు విషయములు మనవి చేయుచున్నాము. ప్రతి సదస్సునను అమ్మువారికి కొంత కాలము కేటాయింపుడు. బాలానగరు, విజయవాడ ఆటోనగరు, గాజువాకల చిన్న కార్ఖానాదారులను, ధాన్యపు కేంద్రములు నడుపు మహిళా సంఘములను పిలిచి నిర్భయముగా మాటలాడనిండు. రెండవది, ఈ చర్చలు నగరముల హోటళ్లను వీడి జిల్లా కేంద్రములకు, ఆంగ్లమును వీడి తెలుగునకు రావలెను. రసీదుపై సంతకము చేయు కొఠారు గుమాస్తాకు అర్థము గాని ఉత్తమ పద్ధతి ఆచరణకు రాదు. మూడవది అన్నిటికన్న ముఖ్యమైనది. సదస్సునకు వచ్చు ప్రతి సంస్థయు, గడచిన యేట తాను సరకు ముట్టిన నాటినుండి సొమ్ము చెల్లించిన నాటివఱకు సగటున ఎన్ని దినములు గైకొన్నదో ఆ లెక్కను వేదికపై చదువవలెను. అంగీకార దినము గాదు, సరకు ముట్టిన దినము. ఈ యొక్క లెక్క పది ఉపన్యాసముల పెట్టు.

నాడు మన పెద్దలు లండనులోని కొనుగోలుదారుని నిలదీసిరి. నేటి కొనుగోలుదారుడు మన ప్రభుత్వమే, మన సంస్థలే, మన బంధువులే. ఇంటివాడు చేసిన అన్యాయము పరాయివాడు చేసినదానికన్న తేలికైనది గాదు. సరకు గొన్నవాడు వెల నిచ్చుట దానము గాదు, ఔదార్యము గాదు, ఋణవిమోచనము. ఈ ప్రథమ పాఠమును రాబోవు సదస్సులు నేర్పునని, నేర్చినవారు తమ కార్యాలయములకు మరలిన మఱునాడే బల్లమీద నిలిచియున్న బిల్లులను చేత బట్టుదురని ఆశించుచున్నాము.