గళ్ల కాగితం మీద గుండె

నర్సులనూ హౌస్ సర్జన్లనూ, పీహెచ్‌సీలో ఒంటరిగా రాత్రి డ్యూటీ చేసే డాక్టర్లనూ మనసులో పెట్టుకుని ఈ సంచిక తెచ్చాం. ఛాతీనొప్పితో వచ్చిన మనిషికి 10 నిమిషాల్లో ఈసీజీ తీసి చూడాలంటారు. తీయడం అందరికీ వచ్చు. తడబాటంతా చదవడం దగ్గరే.

మిషనే పైన అచ్చు వేసి ఇస్తుందిగా అనొచ్చు. అది ‘నార్మల్’ అన్న కాగితం మీదే రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్టీ గీత ఒక చిన్న గడి పైకి లేచి, ఏవీఎల్‌లో కిందికి జారి ఉండొచ్చు. ఆ ఒక్క మిల్లీమీటరును పట్టుకోవాల్సింది మన కన్నే. చేతుల తీగలు అటూ ఇటూ మారితే మొదటి లీడ్ తలకిందులై లేని జబ్బు కనిపిస్తుంది. ముందుగా అనుకోకపోయినా మా రచయితలంతా ఒకే దారికి వచ్చారు: మొదట మనిషిని చూడాలి, తర్వాతే కాగితం, పాత ఈసీజీ దొరికితే పక్కన పెట్టుకోవాలి.

పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని ఈసీజీ అలలకు పేర్లు పెట్టిన ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ వచ్చింది. ఆయన కాలంలో రోగి ఉప్పునీటి తొట్లలో చేతులూ కాలూ ముంచి కూర్చునేవాడు! ఇప్పుడు మిషన్ సంచిలో పడుతుంది, అక్షరాలు మాత్రం అవే.

మధ్య పేజీల్లోని ఈసీజీలను అసలు కొలతలోనే, చిన్న గడి 0.04 సెకను లెక్కన, అచ్చు వేయించాం. దానికోసం ప్రెస్సువాళ్లతో రెండుసార్లు వాదులాడాం. స్కేలు పెట్టి కొలవండి. జవాబులు చివరి పేజీలో తలకిందులుగా ఉన్నాయి.