పసిబిడ్డతో పరనగర విహారము

సంపాదక మహాశయా,

చంటిబిడ్డతో మెక్సికో నగర విహారమునకేగుట అవివేకమని గతసంచికలో మీ వ్యాసకర్త వ్రాసిన మాటతో నేనేకీభవింపజాలను. మా పురుషోత్తంపూర్ చెంత, ఋషికుల్యా తీరమందలి తారాతారిణి కొండకు, చైత్రమాసపు మంగళవారములయందు, బిడ్డల పుట్టువెండ్రుకలు సమర్పింపగోరి, ఒడియా తల్లులును తెనుగు తల్లులును పసికందులనెత్తుకొని, కిక్కిరిసిన జనసమ్మర్దము నడుమ 999 మెట్లెక్కివచ్చుట మేము తరతరములుగా చూచుచున్నదే. ఎండ ముదురకమునుపే బయలుదేరుట, బిడ్డ యాకలినిబట్టి నడక నాపుట అను ఆ తల్లుల మెలకువలు మెక్సికో నగరమందును పనికివచ్చును. ఆరుమాసములు నిండని శిశువునకు తల్లిపాలు తప్ప నీరైనను అక్కరలేదని వైద్యులు చెప్పుదురు. కుళాయినీరు త్రాగరాని యా నగరమున అదియే పరమరక్ష.

అయితే సముద్రమట్టమునకు సుమారు 2,240 మీటర్ల యెత్తుననున్న ఆ నగరమున గాలి పలుచన. కావున నెలలు నిండక పుట్టిన బిడ్డను, శ్వాసవ్యాధి గల బిడ్డను వైద్యుని సంప్రదింపక కొనిపోరాదు. మీ వ్యాసకర్త ఈ ముఖ్యవిషయమును విడిచి, తల్లి గడపదాటుటనే తప్పుపట్టుట నాకు మిక్కిలి బాధ కలిగించినది. ఆ నగరమందలి చపుల్తెపెక్ వనపు చెట్లనీడను బిడ్డకు పాలిచ్చుచు కూర్చుండు తల్లికి ఆ విహారము ఏల కూడదో వారు సెలవియ్యవలెను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పురుషోత్తంపూర్, గంజాం జిల్లా