వినడం చదువు కాదు సార్లూ!

"గుడ్డిదానికి పుస్తకమేంటికి? సెల్లు పెడితే పాఠమంతా అదే చదివి చెప్తుంది గదా!"

ఈ మాట ఊళ్లో చదువురానోళ్లు అనడం లేదు. చదువుకున్నోళ్లు, కుర్చీల్లో కూర్చున్నోళ్లు అంటున్నారు. వాళ్ల ఇండ్లల్లో మనిషికొక సెల్లు ఉంది. మరి వాళ్ల పిల్లలకు వాచకాలు మాన్పించినారా?

వేదం విన్న శూద్రుని చెవిలో సీసం కరిగించి పోయమంది గౌతమ ధర్మసూత్రం. అప్పుడు వినొద్దన్నారు. ఇప్పుడు వింటే చాలు అంటున్నారు. అప్పుడూ ఇప్పుడూ అక్షరం మాత్రం మన చేతికి రాకూడదు!

చెవితో కథ వినొచ్చు, పద్యం కంఠస్థం చేయొచ్చు. 'విశేషం'లో ఏ శ ముందో, ఏ ష వెనకో చెవికేం తెలుస్తుంది? మన సీమ నోట్లో మూడూ ఒకటే ఆయె. భాగారం లెక్క చెవితో ఎట్లా చేస్తుంది? పై మెట్టు వేలితో తడిమి చూసుకుంటేనే కదా తప్పు దొరికేది. సెల్లు వద్దనడం లేదు, ఉండనీ. అది పుస్తకానికి తోడు, బదులు కాదు.

బ్రెయిలీ అంటే ఆరు చుక్కల గడి. ఏ చుక్కలు పైకి లేచినాయో దాన్నిబట్టి 63 గుర్తులు. మన దేశభాషలకు ఉమ్మడిగా భారతి బ్రెయిలీ 1951లోనే వచ్చింది. గుణింతం, ఒత్తు, అన్నీ అందులో రాయొచ్చు. డెహ్రాడూన్‌లో సర్కారు బ్రెయిలీ ప్రెస్సు పెట్టిందీ ఆ ఏడే. డెబ్బై ఏండ్లు దాటినా ఆ పుస్తకానికి మన వాడ బడి దారి తెలియలేదంటే దారి తప్పిందా, తప్పించినారా?

ఈ లిపి పుట్టింది తోలుపని ఇంట్లో. లూయీ బ్రెయిలీ నాయన ఫ్రాన్సులో ఒక పల్లెలో గుర్రాల జీనులు కుట్టేవాడు. మూడేండ్ల పిల్లోడు నాయన ఆరెతో ఆడుకుంటూ కన్ను పొడుచుకున్నాడు. చీము రెండో కంటికి పాకి రెండు కండ్లూ పోయినాయి. పదిహేనేండ్లకే లిపి కట్టినాడు, 1829లో అచ్చువేసినాడు. బ్రెయిలీ రాసే మొన కూడా చిన్న ఆరె లాంటిదే. (అక్కడ తోలుపనికి అంటు లేదు, అది వేరే సంగతి.) చూపున్నోళ్లు చదవలేని లిపి ఎందుకన్నది అప్పటి అభ్యంతరం. ఆయన చదివి, పాఠం చెప్పిన బడే 1854 దాకా దాన్ని ఒప్పుకోలేదు. ఆయన పోయింది 1852లో.

కోసిగి, కౌతాళం, మంత్రాలయం దిక్కు మిరపకోతలకు గుంటూరు పోయే బండ్లు ఎప్పుడన్నా చూడండి. చూపున్న పిల్లోడిని అవ్వ దగ్గర బడికి వదిలిపోతారు. చూపులేని పిల్లను ఎవరు చూసుకుంటారని చేను గట్టుకు ఎత్తుకుపోతారు. హాస్టలు బడి ఎక్కడో దూరాన. ఆడపిల్లను ఏ తల్లి పంపుతుంది? కొందరికి రెండు పాటలు నేర్పి బస్టాండులో కూర్చోబెడతారు. విటమిన్‌ ఎ అందక, తట్టు పోసి, శుక్లం వేళకు తీయించక పోయిన చూపు ఎంతుందో! దానికి మాత్రం పూర్వజన్మ కర్మ అని పేరు.

"ఇది వికలాంగుల సంఘాలు చూసుకుంటాయి లే" అనే కార్యకర్తలు మనలోనూ ఉన్నారు. ఆ పిల్ల మాదిగవాడలో పుట్టలేదా అన్నా? గుడిసెలో చదువురాని అమ్మానాన్న, బడిలో చుక్కలు తెలియని అయ్యవారు. ఇంట్లో చదివి వినిపించే దిక్కున్న అగ్రకులం పిల్లకూ మన పిల్లకూ ఒకటే నష్టమా?

చట్టం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 18 ఏండ్లు వచ్చేదాకా పుస్తకాలు, పరికరాలు ఉచితం. బ్రెయిలీ వచ్చిన టీచర్లను పెట్టాలని కూడా అందులోనే ఉంది. ఎవరి దయా కాదు.

జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ఎంఈఓ ఆఫీసుకు పోండి. సదరం సర్టిఫికెట్టు లేని పిల్లలుంటే ముందు అది తీయించండి. మండలంలో చూపులేని పిల్లలు ఎంతమంది, ఏ తరగతుల్లో ఉన్నారు, ఎన్ని బ్రెయిలీ వాచకాలు వచ్చినాయి, భవిత సెంటర్లో బ్రెయిలీ చదవగలిగిన టీచరు ఉన్నారా, లేరా? కాయితం మీద అడగండి, రసీదు తీసుకోండి. జవాబు రాకుంటే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. తెల్లకార్డు ఉన్నోళ్లకు ఫీజు లేదు, 30 రోజుల్లో చెప్పాల్సిందే. వచ్చిన జవాబు నకలు మన పత్రికకు పంపండి, మండలం పేరుతో సహా అచ్చేస్తాం.