ఏనుగుని కొన్నాం, అంకుశం దగ్గర పేచీ పెట్టుకున్నాం

ఈమధ్య నలుగురైదుగురు ఫోన్ చేసి, "సైలేజ్ బేలింగ్ ప్రెస్ కొందామనుకుంటున్నాం, ఎంత పడుతుంది?" అని అడిగారు. అందరూ కొనే ధరే అడిగారు గానీ కొన్నాక ఎంతవుతుందని ఒక్కరూ అడగలేదు. మూడేళ్ల కింద మేమూ అడగలేదు. అందుకే ఈ పోస్టు.

మేం నలుగురం వాటా వేసుకుని 4,80,000కి ప్రెస్ కొన్నాం. మొక్కజొన్న చేను పాలకంకి మీద ఉండగా కోసి, ముక్కలు చేసి, బేళ్లు కట్టి పాడి రైతులకి అమ్ముతాం. ప్రెస్‌ని నొక్కేది పక్కనుండే హైడ్రాలిక్ పవర్ ప్యాక్. 10 హెచ్‌పీ మోటారు, పంపు, 150 లీటర్ల ఆయిల్ ట్యాంకు, వాల్వులు, పైపులు. దాని గుండె అదే. మేం చూసుకోనిదీ అదే.

మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేదు. రెండో ఏడు ట్యాంకు మీద బ్రీదర్ మూత ఎక్కడో పడిపోయింది. "ఏం కాదులే" అని గుడ్డ కుక్కాం. ఫిల్టర్ మార్చాలని మెకానిక్ చెప్పాడు. 1,200 రూపాయలు. ఎవరు పెట్టాలనే దగ్గర మాట తేలలేదు. "పోయినసారి డీజిల్ నేనే పోయించాను కదా" అని ఒకరు, "సీజన్ అయ్యాక చూద్దాంలే" అని మా బాబాయి. నేనూ నోరు మూసుకున్నాను.

ఇక్కడే అసలు సంగతి ఉంది. మన కంటికి ఆనే దుమ్ము 40 మైక్రాన్ల పైది. పంపులో ఇనుముకీ ఇనుముకీ మధ్య సందు అంతకంటే చాలా సన్నం. కంటికి కనబడని దుమ్మే లోపల గీతలు పెడుతుంది. చాఫ్ కట్టర్ పక్కన రోజంతా నిలబడే మిషన్‌కి గుడ్డపేలిక ఏం ఆపుతుంది? ఆయిల్ నల్లబడింది, పంపు గీసుకుపోయింది, ప్రెజర్ పడిపోయింది.

అదీ సీజన్ మధ్యలో. అప్పటికే ఎకరం చేను కోయించి ముక్కలు చేసేశాం. పంపు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ముక్కలు చేసిన మేత గాలికి ఉంటే ఆగుతుందా? రెండో రోజుకే కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. 12 టన్నులు పెంట మీదకి తోలాం.

మూడేళ్ల లెక్క నా నోట్‌బుక్‌లో ఉంది, దాపరికం లేదు:

కరెంట్ – 1,13,000
ఆయిల్ – 70,000
హోస్ పైపులు, సీల్ కిట్లు – 31,000
పంపు, వాల్వు – 46,000
మెకానిక్ కూలీ, రానుపోను – 18,000
పాడైన మేత – 30,000

మొత్తం 3,08,000. ఇందులో పంపు 46,000, మేత 30,000, దాంతోపాటు పారబోసిన ఆయిల్ 24,000 కలిపితే సరిగ్గా లక్ష. 1,200 ఫిల్టర్ దగ్గర పిసినారితనం ఖరీదు అది.

మూడేళ్లలో 28,800 బేళ్లు కట్టాం. కరెంటే ఖర్చనుకుని బేలుకి 4 రూపాయలు రాసుకున్నాం. నిజంగా అయింది దగ్గర దగ్గర 11. మిషన్ పదేళ్లు వస్తుందనుకుని దాని ధర కూడా కలిపితే 16. అంటే ఇన్నాళ్లూ బేలు మీద లాభమనుకున్న దాంట్లో 12 రూపాయలు మనది కాదు, మిషన్‌ది.

"సబ్సిడీ వస్తుంది కదా" అంటారు. సబ్సిడీ కొనే రోజు ఒక్కసారే వస్తుంది. ఆయిల్‌కి రాదు, సీలుకి రాదు.

కనబడకుండా పోయేవి ఇంకో రెండున్నాయి. ఒక జాయింట్ దగ్గర సెకనుకో చుక్క కారితే, ఎనిమిది గంటల్లో లీటరున్నర. లీటరు 160 చొప్పున రోజుకి 240 రూపాయలు మట్టిలోకే. రెండోది, ముక్కలు వచ్చేదాకా ప్రెస్‌ని నొక్కిపట్టి ఉంచడం. పని జరగదు, ఆయిల్ మాత్రం రిలీఫ్ వాల్వ్ మీద తిరిగి కాగుతుంది. కరెంటూ పోతుంది, ఆయిలూ చస్తుంది. ఖాళీ ఉంటే మోటారు ఆపండి. ట్యాంకు మీద చెయ్యి ఆనలేనంత కాగితే ఏదో తేడా ఉన్నట్టే.

ఒక్క మాట, కారే పైపుని చేత్తో తడిమి చూడొద్దు. సూదిమొన బెజ్జం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దిగిపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. మోటారు ఆపి, ప్రెజర్ దించాకే ముట్టుకోండి.

కొనొద్దని నేను చెప్పను. మేమూ అమ్మలేదు. పోయినేడు నలుగురం కూర్చుని రెండు నిర్ణయాలు చేసుకున్నాం. ఒకటి, బేలుకి 6 రూపాయలు మిషన్ పేరు మీద పక్కన పెట్టాలి, పండగొచ్చినా పెళ్లొచ్చినా ముట్టకూడదు. సీజన్‌కి 57,600 అవుతుంది. రెండు, ఆయిల్, ఫిల్టర్ ఒక్కరి బాధ్యత. తేదీ, ఎన్ని గంటలు తిరిగిందీ గోడ మీద రాయాలి. ఖర్చుకి ఎవరినీ అడగక్కర్లేదు.

అందరిదీ అయిన గేదెకి మేత వేసేవాడుండడు. వాటా మీద మిషన్ కొనేవాళ్లు అడ్వాన్స్ ఇవ్వకముందే ఈ రెండూ కాగితం మీద రాసుకోండి. ధర కోసం బేరం తర్వాత ఆడొచ్చు.

మీ ఊళ్లో వాటా మిషన్లు ఎలా నడుస్తున్నాయో కింద రాయండి. నష్టపోయినవాళ్లు ముందు రాయండి, మిగతావాళ్లకి అదే ఎక్కువ పనికొస్తుంది.