తలచుకోవలసిన వాళ్లెవరు?

ఏడాది ముగిసేసరికి పత్రికలు ఆ ఏడు మనల్ని విడిచి వెళ్లిన ప్రముఖుల జాబితాలు వేస్తాయి. 2022 జాబితా చాలా పెద్దది. ఫిబ్రవరిలో లతా మంగేష్కర్, సెప్టెంబర్‌లో కృష్ణంరాజు, నవంబర్‌లో కృష్ణ, డిసెంబర్‌లో కైకాల సత్యనారాయణ వెళ్లిపోయారు. వాళ్లను అభిమానించిన లక్షలాది మంది దుఃఖాన్ని తక్కువ చేయవలసిన పనిలేదు. కానీ ఎవరు ప్రముఖులు, ఎవరు కారు అని నిర్ణయించేదెవరు? ఏ కొలతతో? చరిత్ర రచనలో స్త్రీలకు ఎదురైన ఈ ప్రశ్నే నివాళి దగ్గర కూడా మళ్లీ ఎదురవుతుంది. అందుకే 2022ను ఒకసారి మన కళ్లతో చూడాలనుకుంటున్నాం. ఆ ఏడు పోయిన ఇద్దరు స్త్రీల గురించీ, ఏ జాబితాలోకీ ఎక్కని మరో నలుగురి గురించీ మాట్లాడుకోవాలనుకుంటున్నాం.

మార్చి 19న మల్లు స్వరాజ్యం హైదరాబాద్‌లో కన్నుమూశారు. అప్పటి నల్లగొండ జిల్లా కరివిరాల కొత్తగూడెంలో భూస్వామ్య కుటుంబంలో పుట్టి, ఆంధ్ర మహాసభ ప్రభావంతో చిన్న వయసులోనే వెట్టిచాకిరీకి ఎదురు నిలిచిన మనిషి ఆమె. తెలంగాణ సాయుధ పోరాటంలో దళంతో కలిసి పనిచేశారు. 'రాజక్క' పేరుతో తిరుగుతున్న ఆమెను పట్టిస్తే 10,000 రూపాయలిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. తర్వాతి కాలంలో 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు.

ఆమెను అందరూ వీరనారి అని కొనియాడారు. అది నిజమే. అయితే ఆ మాటలో ఒక చిక్కుంది. ఒక స్త్రీని అసాధారణురాలిగా పీఠం మీద నిలబెడితే, మిగిలిన వేలమంది గురించి మాట్లాడే అవసరం తప్పిపోతుంది. దళాలకు అన్నం వండి చేరవేసిన వాళ్లు, కబుర్లు మోసిన వాళ్లు, గుండాలకూ పోలీసులకూ రోకళ్లతో, కారంపొడితో ఎదురు తిరిగిన వాళ్లు, చిత్రహింసల్లోనూ నోరు విప్పని వాళ్లు ఆ ఒక్క పేరు వెనక మరుగున పడిపోతారు.

ఈ మరుపును ఎదిరించడానికే స్త్రీశక్తి సంఘటన ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల మాటల్లోనే వాళ్ల అనుభవాలను రికార్డు చేసి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం తెచ్చింది. స్వరాజ్యం, చిట్యాల ఐలమ్మ కూడా అందులో మాట్లాడారు. అజ్ఞాతవాసంలో పిల్లల్ని ఏం చేశారు, ఉద్యమంలో స్త్రీ పురుష సంబంధాలను నాయకత్వం ఎలా చూసింది, 1951లో పోరాటం విరమించాక తిరిగి ఇంటి గడప లోపలికి వెళ్లవలసి వచ్చినప్పుడు ఏమనిపించింది అన్న ప్రశ్నలు అప్పటిదాకా చరిత్ర ప్రశ్నలుగా ఎవరికీ తోచలేదు. స్వరాజ్యాన్ని తలచుకోవడమంటే ఆ ప్రశ్నల్ని బతికించుకోవడం కూడా.

నవంబర్ 2న అహ్మదాబాద్‌లో ఇలా భట్ పోయారు. 1972లో ఆమె 'సేవా' సంస్థను కార్మిక సంఘంగా నమోదు చేయబోతే, యజమాని లేని వాళ్లకు యూనియన్ ఎందుకని అధికారులు అడ్డు చెప్పారు. తలమీద మూటలు మోసేవాళ్లు, కూరగాయలమ్మే వాళ్లు, పాతబట్టలు కుట్టి అమ్ముకునే వాళ్లు వాళ్ల లెక్కలో కార్మికులు కారు. సంఘం పెట్టుకునేది యజమాని మీద పోట్లాడడానికే కాదు, కార్మికులు ఒక్కటవడానికి కూడా అని సేవా వాదించి గెలిచింది. 1974లో 4,000 మంది స్త్రీలు తలా 10 రూపాయలు వేసుకుని సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నారు. సంతకం రాని వాళ్ల కోసం పాస్‌బుక్కు మీద ఫొటో అంటించారు. 1981లో గుజరాత్‌లో రిజర్వేషన్ల వ్యతిరేక అల్లర్లు జరిగినప్పుడు ఇలా భట్ దళితుల పక్షాన నిలబడ్డారు. మాతృసంస్థ అయిన జౌళి కార్మిక సంఘంతో సేవాకు తెగతెంపులు జరిగిందీ అప్పుడే.

మన దగ్గర ఈ కథకు మరో ముఖం ఉంది. పేద స్త్రీలకు అప్పు ఇవ్వడమే వాళ్లకు సాధికారత అన్న మాట పట్టుకుని వచ్చిన సూక్ష్మరుణ కంపెనీల వసూళ్ల ఒత్తిడికి ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో చూశాం. 2010 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. స్త్రీలు తామే యజమానులైన బ్యాంకుకూ, స్త్రీల అప్పు మీద లాభం చేసుకునే కంపెనీకీ తేడా గుర్తించకుండా ఇలా భట్‌కు దండ వేస్తే ఆమె పనిని మరిచిపోయినట్టే. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో ఇంటి అరుగుల మీద బీడీలు చుట్టే స్త్రీలకు ఈ తేడా ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇక ఆ నలుగురు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తర్వాతి కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. పసిపిల్లల తల్లులు. ఇది అనుకోకుండా జరిగిన ప్రమాదమా? 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఇలాంటి శిబిరంలోనే కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేస్తే పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2016 సెప్టెంబర్‌లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్లలోగా ఈ శిబిరాల పద్ధతికి స్వస్తి చెప్పించే చర్యలు తీసుకోవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ గడువు దాటి దాదాపు మూడేళ్లకు ఇబ్రహీంపట్నం జరిగింది!

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో వివాహిత స్త్రీలలో దాదాపు 38 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ల ఆపరేషన్లు 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు 70 శాతం దాకా, తెలంగాణలో 60 శాతానికి పైగా ఉన్నారు. మగవాడికి చేసే ఆపరేషన్ తేలిక, ప్రమాదం తక్కువ అని వైద్యులు ఎన్నేళ్లుగా చెబుతున్నా బాధ్యత మాత్రం స్త్రీ శరీరం మీదే పడుతోంది. ఇద్దరు పిల్లలు పుట్టాక అత్తింట్లో, ఆసుపత్రిలో, ఊళ్లో అందరూ ఆమె వైపే చూస్తారు. ఆమె 'ఇష్టం' అక్కడ ఏపాటిది?

ఆ నలుగురినీ స్వరాజ్యం, ఇలా భట్‌ల పక్కన ఎందుకు నిలబెడుతున్నామని అడగవచ్చు. ఉద్యమంలో స్త్రీ చేసిన పని సహాయంగా మిగిలిపోయింది. బజార్లో చేసిన పని పనే కాదన్నారు. ఆసుపత్రిలో ఆమె మరణం ఒక అంకె అయింది. మూడు చోట్లా స్త్రీని లెక్కలోకి రానివ్వనిది ఒకే పితృస్వామ్యం. మొదటి రెండింటినీ ఎదిరించి ఆ ఇద్దరూ ఎంతో కొంత గెలిచారు. మూడోది ఇంకా మన ముందున్న పని.

నష్టపరిహారం, విచారణ ప్రకటనలతో ఈ మరణాలు ముగిసిపోకూడదు. విచారణ నివేదికలు ప్రజల ముందుంచాలి. మూకుమ్మడి ఆపరేషన్లు ఆగాలి. తాత్కాలిక పద్ధతుల గురించి, మగవాళ్ల ఆపరేషన్ గురించి దంపతులిద్దరికీ చెప్పిన తర్వాతే సంతకం అడగాలి. మన సంఘాలు తమ మండలాల్లో ఆపరేషన్ల తర్వాత జరిగిన మరణాలనూ, జబ్బులనూ నమోదు చేయాలి. బాధిత కుటుంబాలు కోరితే తప్ప పేర్లు బయటపెట్టనక్కర్లేదు, కానీ ఏం జరిగిందో రాసిపెట్టాలి. మన చరిత్ర మనకు తెలియకుండా పోవడం ఇంకోసారి జరగకూడదు. తలచుకోవడం మన హక్కు, లెక్క అడగడం మన బాధ్యత.