సరకును ప్రాణమును

ఎడ్లబండికి కాడిమీఁది బరువు సరిచూడక మన రైతు బయలుదేరెడివాఁడు కాఁడు. ట్రాక్టరు ట్రక్కునకు ఆ వివేకమేల కొఱవడవలెను? బరువు వెనుకకు మొగ్గినచో ట్రాక్టరు వెనుకచక్రముల పట్టు సడలును. మితిమీఱి ముందునకు మొగ్గినచో దాని ముందుచక్రములు తేలి, త్రిప్పినను మాట వినవు. కావున ధాన్యపు బస్తాలను ఇరుకెలంకుల సమముగఁ బేర్చి, ముందువైపు కొంచెము మొగ్గుంచి, మోకులతో బిగింపవలెను. కొక్కెపు పిన్ను జాఱకుండ క్లిప్పు తొడిగి, గొలుసు తగిలింపవలెను. వెనుక ఎఱ్ఱదీపము లేని ట్రక్కు రాత్రివేళ మృత్యువే. 2019 నాటి సవరణచట్టము అధికభారమునకు 20,000 రూపాయల జరిమానాయు, హెచ్చిన టన్నొక్కింటికి 2,000 రూపాయలును విధించినది. ధనదండనకు వెఱచువారు ప్రాణనష్టమునకు వెఱవకుండుట వింత! బస్తాలపైఁ గూలీలను గూర్చుండఁబెట్టుట నేఁడే మానుఁడు. వారు సరకు కారు.